సముద్రపు కొత్త

అరకు కొండల మంచు ఎంత చిక్కగా ఉంటుందంటే, ఒకసారి తడిసిన నా పై పంచెను దాని మీద ఆరేసి, వంట చేసుకుని తిని, ఓ కునుకు తీసి వచ్చేసరికి కూడా పంచె అలాగే వేలాడుతోంది. నమ్మనివాళ్లు శృంగవరపుకోట వస్తే ఆ పంచె చూపిస్తాను. విజయనగరంలో నాలుగో ఫారం చదువుతూ, మేష్టర్లకు నా మీదా నాకు మేష్టర్ల మీదా ఒకేసారి విసుగు పుట్టి బయటికి వచ్చేసినవాడిని. చదువు లేదు గాని సంగతులకు కొదవ లేదు. అయితే ఇప్పుడు చెప్పబోయేది నా గొప్ప కాదు, సోములమ్మ గొప్ప. అందులో చివర్న నా వంతు కొంచెం ఉంది. కొంచెం అంటే ఒక సముద్రమంత.

సోములమ్మ బతుకుతెరువు నిద్రపోవడం.

డుంబ్రిగుడ సంత దగ్గర గెడ్డ అనే కొండవాగు దాటి, ఎదురుగా ఉన్న కొండ ఎక్కితే వచ్చే చిన్న ఊరు ఆమెది. చిన్నప్పుడు చేను కాపలాకని మంచె ఎక్కిస్తే, ఎక్కీ ఎక్కకముందే నిద్రపోయేదట. చిలకలు తాపీగా కంకులన్నీ తినేసి, పోతూ పోతూ పిల్లకు చలేస్తుందేమోనని దుప్పటి కప్పి పోయేవట. ఇది నేను అల్లింది కాదు, ఆమె చెప్పిందే; అల్లడంలో ఆమె నాకు పెద్దక్క. మనువు చేసుకుని వెళ్లిన చోట, రోకలి పట్టుకుని నిలబడి నిద్రపోయే కోడలు మాకెందుకని అత్తవారు తిప్పి పంపేశారు.

తిరిగి వచ్చిన రోజే, నడిచి నడిచి అలసి, ఊరి మొదట్లో ఒక ముసలమ్మ ఇంటి అరుగు మీద, చేతికి అందిన సామల మూట తలకింద పెట్టుకుని పడుకుంది. ఆ ముసలమ్మ కాళ్లు పడిపోయి చాలా కాలంగా మూల కూర్చుని ఉంది. సోములమ్మ లేచి కళ్లు నులుముకుంటూ, నీ కాళ్లకేమీ కాలేదే పెద్దమ్మా, పనసచెట్టు కింద నీ చెల్లెల్ని ఏదో అన్నావు, ఆ మాట ఇంకా అక్కడే నిలబడి నిన్ను కదలనివ్వడం లేదు, అందట. ముసలమ్మను చెల్లెలి ఇంటికి మోసుకెళ్లారు. వచ్చేటప్పుడు నడిచి వచ్చింది. నేనైతే పరుగెత్తుకుంటూ వచ్చిందని చెప్పేవాడిని. ఊరివాళ్లు నడిచిందనే అంటారు కాబట్టి అదే రాస్తున్నాను.

అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల కొండల మీద ఎవరికి బాగోలేకపోయినా వాళ్ల చేతి గింజ గుప్పెడు మూటగట్టి ఆమె దగ్గరకు తెచ్చేవారు. చేతి గింజ అంటే ఆ మనిషి తన చేత్తో చల్లి, తన చేత్తో కోసినది. సామలైనా, చోళ్లైనా, కొర్రలైనా సరే. చల్లేటప్పుడు మనసులో ఉన్నదంతా వేళ్లలోంచి గింజలోకి దిగుతుందని అక్కడివాళ్ల నమ్మకం. ఆ మూట తలకింద పెట్టుకుని సోములమ్మ మధ్యాహ్నం పూట నిద్రపోయేది. లేచి, కలలో కనిపించింది చెప్పేది. ఆమె చెప్పినదాన్ని బట్టి వాళ్లు జరిపిన గట్టురాయి వెనక్కి జరుపుకునేవారు, ఏళ్ల తరబడి తొక్కని తోడికోడలి గుమ్మం తొక్కేవారు, చచ్చిపోయిన తండ్రికి పెట్టడం మరిచిపోయిన కల్లు ముంత పెట్టేవారు. చాలామంది లేచి తిరిగేవారు. మన్యం జ్వరాలకు మాత్రం ఆమె పడుకునేది కాదు. నేలవేము కషాయం పొయ్యండి, దీనికి నా నిద్దర ఖర్చెందుకు అనేది. తలకింద పెట్టుకున్న గింజే ఆమెకు కూలి. కల చెప్పడం అయిపోయాక ఆ కలను అంబలి కాచుకుని తాగేసేది.

నేను ఆమెను మొదట చూసింది మా మావయ్య వరహాలరావుతో కలిసి కొండెక్కినప్పుడు. మావయ్య ఎద్దుల మీద ఉప్పు, ఎండుచేపలు వేసుకుని పైకి తీసుకెళ్లి, సామలకూ పిప్పళ్లకూ చింతపండుకూ మార్చుకుని కిందికి తెస్తాడు. ఈ గుంటడెవులని ఆమె అడిగితే, మా మేనల్లుడు, చదువు మానేశాడు, ఒక్క పని చేతకాదు, ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోతాడు అని నా గుణాలన్నీ ఏకరువు పెట్టాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“మరి నా దగ్గరొగ్గేయ్, సావుకారూ. ఇస్కూల్లో నిద్దరోతే కొడతారంట. ఇక్కడైతే కూడెడతారు.”

నా విద్యను గుర్తించిన మొదటి మనిషి ఆమే. అప్పటి నుంచి కొండెక్కినప్పుడల్లా ఆమె అరుగు మీదే నా మకాం. ఒకసారి అడిగాను, అందరి కలలూ నువ్వే కంటావు కదా, నీ కలలు ఎలా ఉంటాయని. తలకింద ఎవరి గింజా లేకపోతే తనకు కలే రాదని చెప్పింది. వట్టి అరుగు మీద పడుకుంటే కళ్లు మూయడం, తెరవడం, అంతేనట. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు. ఎదుటి కొండ మీద వలిసె పూలు విచ్చుకుని కొండంతా పసుపు రాసుకున్నట్టుంటే అటు చూస్తూ కూర్చుంది.

ఇక ఆ ఊళ్లో కొత్త అనే మాట సంగతి చెప్పాలి. మనకు కొత్త అంటే పాతది కానిది. వాళ్లకు అది పండగ. మామిడి కొత్త, కొర్ర కొత్త, సామ కొత్త. చెట్టు విరగకాసినా, చేను పండి ఒరిగిపోయినా, ఆ పంటకు కొత్త జరిగేదాకా ఒక్క గింజ నోట్లో వేసుకోరు. అమ్మరు, మార్చరు, కోడికి కూడా వెయ్యరు. కొత్త జరిగేది ఊరి దేవత నిసాని రాళ్ల దగ్గర. అక్కడ మొదటి ముద్ద ఒక్కడికే. అతన్ని ముందునోరు అంటారు. ముందునోరు ఆ ముద్ద నమిలి, మింగి, “తీపి” అని ఒక్క మాట అంటాడు. పంట చేదైనా వగరైనా మాట అదే. ఆ మాట పడ్డాక ఊరంతా తినొచ్చు, మా మావయ్యలాంటి వాళ్లకు ఇచ్చి ఉప్పు తీసుకోవచ్చు. పడకపోతే పంట పండనట్టే.

ఆ కాలంలో ముందునోరు బుధు. తండ్రి నోరు మూతపడ్డాక అతనికి వచ్చింది ఆ పని. నెమ్మదైన మనిషి. ఆ ఒక్క మాట ఎక్కడ అరిగిపోతుందోనని భయపడుతున్నట్టు మిగతా మాటలు కూడా పొదుపుగా వాడేవాడు.

గూడెం వైపు లేచిన పితూరీ తిరుగుబాటు చల్లారిన తర్వాతి ఏడాది వానలు బాగా పడ్డాయి. సామ చేలు పండాయి, కోతలయ్యాయి, పనలు కళ్లాల్లో కుప్పలుగా నిలబడ్డాయి. అప్పుడు మా మావయ్యా నేనూ ఉప్పుతో కొండెక్కాం. ఊళ్లో ఒకటి రెండు ఇళ్లలోంచి తప్ప పొగ లేదు. ఆడవాళ్లు మామిడి టెంకల పిండి కాచి, అడవిలో తవ్విన దుంపలు ఉడకేసి పెడుతున్నారు. కళ్లాల నిండా గింజ, కుండల్లో టెంకల అంబలి. నేను పస్తుండి చూస్తే, ఎంతైనా ఉపవాసాల్లో ఆరితేరినవాణ్ణి, సాయంత్రానికే కళ్లు తిరిగాయి.

సంగతేమిటంటే బుధు నోరు విప్పడం లేదు. అంతకు కొన్ని వారాల ముందు మా మావయ్య ఎద్దొకటి కుంటిదైతే, పిప్పళ్ల కావిడి మోయడానికి బుధును భీమునిపట్నం రేవు దాకా తీసుకెళ్లాడు. తిరిగి వచ్చి కావిడి దించి, గోడవైపు తిరిగి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ఒంట్లో జ్వరం లేదు. పెదవులు బిగించి ఉంటాడు. పెళ్లాం పేరు కనక. ఆమె గరిటె వెనకవైపుతో పళ్లు విడదీసి గంజి పోస్తే, సగం లోపలికి, సగం చాప మీదికి. ఇంకొకర్ని పెట్టి ఆ మాట అనిపించెయ్యొచ్చు కదా అని నేను తెలివిగా సలహా ఇచ్చాను. నీకు బదులు ఇంకొకడు దాహం తాగితే నీ గొంతు తడుస్తుందా అని ఒక ముసలాయన నన్ను జాలిగా చూశాడు. ముందునోరు బతికుండగా ఇంకో నోరు లేదట.

ఆకలి పెరుగుతుంటే చూపులు కూడా మారుతున్నాయి. ఎవరో చిల్లంగి, అదే చేతబడి, పెట్టారన్న గుసగుస లేచింది. ఎవరు పెట్టి ఉంటారు? కనక వేరే ఊరి నుంచి వచ్చిన పిల్ల, మొగుడికి గంజి పోస్తున్నది ఆమె, కాబట్టి ఆమే అయి ఉంటుందని ఆ గుసగుస తిరిగి తిరిగి ఆమె గుమ్మం ముందే ఆగుతోంది. గెడ్డ దగ్గర ఆమె నీళ్లు ముంచుకునేటప్పుడు మిగతా ఆడవాళ్లు పక్కకు జరిగి నిలబడడం నేను చూశాను. ఇంకొన్నాళ్లు బుధు నోరు తెరవకపోతే ఆ పిల్లకు ఆ ఊళ్లో చోటుండదు. ఆమెకూ అది తెలుసు.

అందుకే ఆ మధ్యాహ్నం చిన్న మూట కొంగులో దాచుకుని సోములమ్మ అరుగెక్కింది. మూట ముందు పెట్టింది. సోములమ్మ దాన్ని తలకింద దోపుకుని ఒత్తిగిలింది. మంచు అరుగు మీదికి పాకి వచ్చి ఆమె కాళ్ల మీద కుక్కపిల్లలా ముడుచుకుంది. ఊళ్లో అలికిడి లేదు. ఆమె ఊపిరి మాత్రం వినిపిస్తోంది, ముందుకు వచ్చి, ఆగి, వెనక్కి పోతున్నట్టు. అలాంటి ఊపిరి నేనెక్కడో విన్నాను గాని ఎక్కడో గుర్తు రాలేదు.

లేచి, చాలాసేపు తన చేతులు చూసుకుంది.

“నీల్లు. ఆకాసం ఎంతుందో అంత. తెల్ల ఎద్దులు వరసకట్టి వత్తన్నాయి, ఒడ్డుకొచ్చి పడిపోతన్నాయి, మల్లీ లేసి వత్తన్నాయి. ఏదో సెప్పడానికొచ్చి, సెప్పకండా ఎల్లిపోయే మనిసినాగ ఉన్నాయి.”

జీవితంలో డుంబ్రిగుడ సంత దాటి కిందికి దిగని మనిషి. నేను దగ్గరకు జరిగి ఆమె మొహంలోకి చూశాను. మా మావయ్య మాత్రం మూట విప్పి చూసి పగలబడి నవ్వాడు. అందులో ఉన్నవి సామలు కావు, తెల్లటి బియ్యం. మా తిండి బస్తాలోవే, కనక అడిగి తీసుకెళ్లినవి. భీమిలి పక్క పొలాల బియ్యం, ఉప్పుగాలి తగిలిన బియ్యం, తలకింద పెట్టుకుంటే సముద్రం కాక ఏం కనబడుతుందన్నాడు.

కనక తల వంచుకుంది. ఇంట్లో పాత సామలు అయిపోయాయి, కొత్తవి ముట్టకూడదు. వట్టి చేతులతో రాలేక, తెల్ల బియ్యమైతే మర్యాదగా ఉంటుందని తెచ్చింది.

“ఎవులో రైతు కల నా నెత్తినెట్టేసినావు గదే, గుంటా,” అంది సోములమ్మ. “పాపం ఆడి ఎద్దుకి గిట్ట నొప్పి. సావుకారూ, అటెల్లినప్పుడు సెప్పు. మనకి మాత్రం బుధు సేతి గింజ కావాల.”

కనక పరుగున పోయి ఇంట్లో వెదురు గాదె బోర్లించి, దులిపి, అల్లిక సందుల్లో ఇరుక్కున్న పాత సామ గింజల్ని గోటితో తీసి తెచ్చింది. అవి చిటికెడు కూడా లేవు. మర్నాడు మధ్యాహ్నం సోములమ్మ వాటిని తలకింద పెట్టుకుని పడుకుంది. ఈసారి ఊరు సగం అరుగు చుట్టూ చేరింది. ఆ ఊపిరి మళ్లీ మొదలైంది. రావడం, ఆగడం, పోవడం. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అది భీమిలి ఒడ్డున అల చేసే చప్పుడు.

ఆమె కళ్లు తెరవకుండానే చెప్పింది. అదే నీళ్లు. ఒడ్డున ఇసక. ఇసకలో గవ్వలాగా ఒక నోరు పడి ఉంది. వచ్చే పోయే జనం దాన్ని కాలితో తంతున్నారు, తన్ని నవ్వుతున్నారు. అది బుధు నోరు. తర్వాత లేచి కూర్చుని, తిన్నగా మా మావయ్య వైపు తిరిగింది.

“నవ్వినోల్లెవులు, సావుకారూ?”

మావయ్య మొహంలో నవ్వు మాయమైంది. ఉప్పు బస్తా మీద కూర్చుని, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. భీమిలి రేవులో కావిడి దించగానే బుధు నీళ్ల వైపు నడిచాడట. మోకాళ్ల లోతు దిగి, దోసిలి పట్టి, కళ్లు మూసుకుని తాగాడు. పుట్టి ఎరగనిది కదా, దానికీ కొత్త చెయ్యాలనుకున్నాడో ఏమో. మింగి, నిటారుగా నిలబడి, అందరికీ వినబడేలా “తీపి” అన్నాడు. వల లాగుతున్నవాళ్లు విన్నారు. మూటలు మోసేవాళ్లు విన్నారు. ఏదీ ఇంకోసారి చెప్పు, ఇంకోసారి చెప్పు అంటూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

“నానూ నవ్వినాను,” అన్నాడు మావయ్య. “నవ్వొచ్చింది మరి.”

అరుగు చుట్టూ ఎవరూ నవ్వలేదు. తాతముత్తాతల నుంచి ఆ మాట విని ఆ ఊళ్లో అన్నం తిన్నారు. దాన్ని విని ఎవరైనా నవ్వుతారని వాళ్లకు తోచనే లేదు. నాకు అప్పుడు తెలిసింది బుధుకు వచ్చిన జబ్బేమిటో. ఉప్పు నీటిని తీపి అన్న నోటితో సామలను తీపి అంటే, ఇక ఆ మాటకు విలువేముంది? అందుకని నోరే కట్టేసుకున్నాడు. చిల్లంగి లేదు, కనక లేదు. ఒడ్డున నలుగురు నవ్విన నవ్వొకటే ఉంది. ఆ మాట సోములమ్మ పైకి అనకపోయినా, ఆడవాళ్లలో ఒకామె జరుగుతూ వచ్చి కనక పక్కన కూర్చుంది.

సముద్రాన్ని ఇక్కడికి తెండి, అంది సోములమ్మ. దానికి కొత్త సగంలో ఆగిపోయింది, పూర్తి చేద్దాం. మావయ్య తన కాళ్ల నొప్పులన్నీ పేరుపేరునా చెప్పుకున్నాడు. నేను ముందుకు వచ్చాను.

“ఇస్కూలు దాకా నడవనేకపోయినోడివి,” అందామె, “సవుద్రం దాకా నడుత్తావేటి?”

నడిచాను. సముద్రాన్ని కొండెక్కించిన మొదటి మగాణ్ణి నేనే, నా తర్వాత కూడా ఎవడూ లేడు. కావిడికి ఒక పక్క కొత్త కుండలో సముద్రం, మూతికి అడ్డాకులు కట్టి. రెండో పక్క తూకానికి రాయి. రాయి బరువు, సముద్రం తేలిక. శృంగవరపుకోట దాటేదాకా అది బుద్ధిగానే ఉంది. అనంతగిరి ఘాటీ మొదలయ్యాక మబ్బులు కిందికి దిగి కుండ చుట్టూ మూగాయి, పుట్టింటి కబుర్లు అడగడానికి. దారి కనబడక ఎన్నోసార్లు వాటిని చేత్తో తోసుకుంటూ నడిచాను. కొండ మీంచి దూకే గెడ్డ ఒకటి నన్ను చూసి ఆగిపోయింది. మేమంతా అటు పోతుంటే ఇది ఇటెందుకు వస్తోందని అడిగింది. బుధు కోసమని చెప్పాను. అది తప్పుకుని దారిచ్చింది. కుండ లోపల మాత్రం చిన్న అల ఒకటి, వచ్చి, ఆగి, పోతూనే ఉంది. తర్వాత విని, అది నా నడక వల్లనే అని మావయ్య అన్నాడు. నేను ఆగినప్పుడు కూడా వినబడిందని మాత్రం రాసి పెడుతున్నాను.

నిసాని రాళ్ల దగ్గర ఊరంతా కూర్చుంది. బుధును చాపతో సహా మోసుకొచ్చి చెట్టుకు ఆనించారు. మనిషి మిగల్లేదు, కళ్లు మిగిలాయి. కుండ చూడగానే ఆ కళ్లు బెదిరాయి. రాళ్ల మీద ఒక చుక్క వదిలాక సోములమ్మ అడ్డాకు దొన్నె నింపింది. అందరూ అది బుధుకే ఇస్తుందనుకున్నారు. ఇవ్వలేదు. ఈ కొత్తకు ఊరంతా ముందునోరే, బుధు నోరు ఆఖర్న అంది.

మొదటి దొన్నె తనే తాగింది. మొహం ఎండిన ఉసిరికాయలా ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “తీపి,” అంది. తర్వాత నన్ను జాలిగా చూసిన ముసలాయన తాగి, దగ్గి దగ్గి, ఆ మాటే అన్నాడు. గెడ్డ దగ్గర పక్కకు జరిగిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తాగి, మూతులు వంకర తిప్పుకుంటూ అదే అన్నారు. మా మావయ్య వంతు వచ్చింది. బతుకంతా ఉప్పు అమ్మినవాడు, ఒక్క గుక్కకే గుడ్లు తేలేశాడు. ఊరంతా అతన్నే చూస్తోంది. “తీపే,” అన్నాడు నీరసంగా. నేనూ తాగాను. నాకు నిజంగానే తీపిగా ఉంది, ఒట్టు. మోసుకొచ్చినవాడి నోటికి అలాగే ఉంటుంది కాబోలు.

బుధు ఆ మొహాలన్నిటినీ చూస్తున్నాడు. వంకర మూతులు, నీళ్లు కారే కళ్లు, అన్నిట్లోంచీ అదే మాట. అతని పెదవి అంచున ఏదో కదిలింది. కనక దొన్నె పట్టి అతని నోటికి ఆనించింది. పెదవులు విడ్డాయి. గుటక వేశాడు. మంచు కూడా కదలడం మానేసింది.

“ఉప్పగున్నాది,” అన్నాడు బుధు.

ముందు ముసలాయన నవ్వాడు. తర్వాత ఊరంతా నవ్వింది, నేల మీద దొర్లి నవ్వింది. బుధు కూడా నవ్వాడు, ఎండిపోయిన గొంతులోంచి ఇన్నాళ్ల తుప్పు రాలుతున్నట్టు. ఆ నవ్వు భీమిలి నవ్వు లాంటిది కాదు. అది ఎవరి మీదా పడలేదు. ఇంతమంది ఇంత బొంకినా తను ఒక్కడూ నిజం చెప్పాడు, ఆ నోరు చెడలేదు. కనక అప్పటికే కొత్త సామలు వండి తెచ్చిన ముద్ద అతని నోట్లో పెట్టింది. మెల్లగా నమిలాడు, మింగాడు.

“తీపి.”

ఆ సాయంత్రం ఊళ్లో ప్రతి ఇంటి కప్పులోంచీ పొగ లేచి మంచులో కలిసింది. రోకళ్ల చప్పుడు ఎదుటి కొండకు తగిలి తిరిగి వచ్చింది. కనక మిగతా ఆడవాళ్ల మధ్య నిలబడి దంచుతోంది. ఆమె రోకలి చప్పుడును విడిగా పోల్చుకోవడం నాకైనా సాధ్యం కాలేదు. మావయ్య బస్తాలు విప్పాడు. ఉప్పు కొలిచేటప్పుడు ఎందుకో ఒక్కొక్కరికి కొంచెం ఎక్కువే పోశాడు.

మిగిలిన సముద్రాన్ని సోములమ్మ తన పొయ్యి మీద పెట్టి ఇగరబెట్టింది. అడుగున తెల్లటి పొర ఒకటి మిగిలింది. దాన్ని గోకి, చిన్న మూట కట్టి, మర్నాడు అరుగు మీద తలకింద పెట్టుకుంది. అది ఎవరి చేతి గింజా కాదు. ఎవరూ చల్లనిది, ఎవరూ కోయనిది. నేను పక్కనే కూర్చున్నాను. ఎండ వలిసె పూల మీంచి జారి ఆమె మొహం మీదికి వచ్చే వేళకు మెలకువ వచ్చింది.

సముద్రం కనబడిందా అని అడిగాను.

“నేదు,” అంది, కళ్లు మళ్లీ మూసుకుంటూ. “మంచె మీద నిద్దరోతన్నాను. సిలకలు దుప్పటి కప్పినాయి.”